దారి మీద గది

ఏప్రిల్ 20, 1987

ఎరువుల కొట్టువాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ బీరువా మీద పడి ఉంది. రాసే అలవాటు నాకు లేదు. ఇవాళ మనసు బాగుంది కాబట్టి తీశాను.

కమిషనర్ గారు గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. కొత్త కౌన్సిల్ పెట్టుకున్న మొదటి పని లేఅవుట్ రూల్సు మార్చడమేనట. మార్చాల్సిందే. పొలాన్ని ప్లాట్లుగా కోసి అమ్మే ప్రతివాడూ తనకు తోచినట్టు సందులు వదులుతున్నాడు. నిన్నటిదాకా మిరప చేను, ఇవాళ నాలుగు రాళ్లు పాతితే అదొక నగర్. మా దగ్గరున్న రూల్సేమో ఊళ్లో గుర్రబ్బళ్లు తిరిగిన కాలం నాటివి. వీటిని కొత్తగా రాయడానికి బయటినుంచి ఒక కన్సల్టెంటును పెట్టుకోవాలని తీర్మానం అయింది.

"మన టౌన్ ప్లానింగ్ సెక్షన్ వాళ్లకి చేతగాదా?" అని ఎవరో కౌన్సిలర్ అడిగాడట. "రామబ్రహ్మానికి రోజూ వచ్చే ప్లాన్లు చూడటానికే ఊపిరి సలపడం లేదు" అని కమిషనర్ గారు నా తరఫున చెప్పారట. ఎవరిని పెట్టుకోవాలో నోటు మాత్రం నన్నే రాయమన్నారు. ఈ ఆఫీసులో సూపర్‌వైజర్ మాట ఒకరు అడగడం ఇదే మొదలు.

ఇంటికొచ్చి కాంతమ్మతో చెప్తే "జీతం పెరుగుద్దా?" అంది. ఈ మనిషికి ఏం చెప్పినా అంతే.

మే 3

రెండే దరఖాస్తులు మిగిలాయి. ఒకటి హైదరాబాదు నుంచి చక్రపాణి గారిది. విదేశాల్లో చదివి వచ్చాడు. పెద్ద ఊళ్లకు ప్లాన్లు గీశాడు. రెండోది మన శివరామయ్య గారిది.

శివరామయ్య గారంటే నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన. అంతకుముందు విజయపురి సౌత్‌లో డ్యామ్ స్టాఫ్ క్వార్టర్లకు వీధులు వేయించారు. నాకు పని నేర్పింది ఆయనే. రిటైరయ్యి రొంపిచెర్లలో వ్యవసాయం చూసుకుంటున్నారు. దరఖాస్తు పోస్టులో పంపకుండా తనే తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"రూల్సు రాయటం ఎంతసేపబ్బాయ్. ముందు ఊరంతా నడవాలి. ఏ సందు యాడికి పోద్దో, ఏది ఎవడు మింగాడో తేలాలి. అది తేలకుండా ఏం రాసినా కాగితమే" అన్నారు.

మంచినీళ్లు తెప్పించాను. తాగి, గ్లాసు కింద పెడుతూ, "మీ వీధిలో వెనకున్న బళ్ల డొంకలోకి ఒక దారి ఉండాలే. ఉందా ఇంకా?" అన్నారు.

ఏదో చెప్పాను.

ఈ ఏడు ఎండలు మరీ దారుణంగా ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి తల తిరుగుతోంది.

మే 4

నోటు రాశాను. శివరామయ్య గారి అనుభవం గొప్పదే, కానీ వయసు పైబడింది, కొత్త పద్ధతులు తెలియవు, ఊరివాడు కాబట్టి మొహమాటాలుంటాయి. చక్రపాణి గారు బయటివారు కాబట్టి ఎవరి పక్షమూ వహించరు. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. రెండుసార్లు చదువుకుని చూశాను.

మే 18

చక్రపాణి గారిని ఖాయం చేశారు. తెర కట్టి, బొమ్మలు వేసి చూపించాడు. కౌన్సిలర్లు నోళ్లు తెరుచుకుని చూశారు. "నీ నోటే పని చేసిందయ్యా" అన్నారు కమిషనర్ గారు.

సాయంత్రం బస్టాండులో శివరామయ్య గారు ఎదురయ్యారు. తప్పుకుందామనుకునేలోపు చూశారు. "నువ్వే రాశావంటగా. మంచిదేలే" అన్నారు. బస్సు వస్తే ఎక్కేశారు. ఆ మంచిదేలే అన్నది ఏ అర్థంతో అన్నారో తెలియదు. మామూలుగానే అని ఉంటారు.

జూన్ 11

చక్రపాణి గారు దిగారు. ట్రావెలర్స్ బంగళాలో బస. తెల్ల ప్యాంటు, నల్ల కళ్లద్దాలు. మనిషి మాత్రం మంచివాడు. ఒట్టి దర్జా కాదు, పని చేస్తాడు. జీపు వెళ్లినంతమేర వెళ్లి, అక్కడినుంచి నడిచాడు.

మధ్యాహ్నం భోజనం చేస్తూ మ్యాపు ముందేసుకుని అడిగాడు: "రామబ్రహ్మం గారూ, సందు చివర ఎవరిదని అడిగితే ఎక్కడ చూసినా సాయిబుల ఇల్లే అంటున్నారు. లేకపోతే పేతురు అనో, జాను అనో. ఎందుకలా?"

ఇన్నేళ్లుగా ప్లాన్లు చూస్తున్నాను, నాకిది ఎప్పుడూ వింతగా తోచలేదు. చెప్పాను. వీధి తిన్నగా వచ్చి గుద్దుకునే స్థలాన్ని మావాళ్లు కొనరు. వీధిపోటంటారు. ఆ ఇంట్లో చేరినవాళ్లు బాగుపడరని భయం. అందుకని ప్రతి లేఅవుట్‌లోనూ సందు చివరి ప్లాటు మిగిలిపోతుంది. ఆ పట్టింపు లేనివాళ్లకు చవగ్గా పోతుంది.

ఆయన నవ్వి పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత తను పెట్టబోయే రూలు చెప్పాడు. సందు ఏదీ మూసుకుపోకూడదు. ఒక పక్కనుంచి ఫైరింజన్ వస్తే ఇంకో పక్కనుంచి బయటపడాలి. పాత సందులైనా సరే, చివర తెరవాల్సిందే. పోయిన వేసవిలో పాకలు తగలబడ్డప్పుడు మన ఫైరింజన్ లోపలికి పోయి వెనక్కి రాలేక నిలబడిపోయిన మాట నిజమే. రూలు మంచిదే. ఎవరైనా ఒప్పుకుంటారు.

"చివర తెరవాలంటే, చివరున్న ఇల్లు పోతుంది కదండీ" అన్నాను.

"వేరే దారి ఉంటే అటు తెరవండి. లేకపోతే ఇల్లే పోవాలి. అనుమతి లేని ఇళ్లే కదా అవన్నీ" అన్నాడు.

అవన్నీ అనుమతి లేనివే. మా వీధి చివర మౌలాలీ మామదీ అంతే.

జూన్ 12

మౌలాలీ మామ సంగతి రాయాలి. రాస్తే కొంచెం తేలిగ్గా ఉంటుందేమో.

మా వీధిలో ప్లాట్లు కోసినప్పుడు ముందు మేమే వెళ్లాం. చివరి ప్లాటు చవగ్గా ఉంది, తీసుకుందామన్నాను. "వీధిపోటు స్థలంలో నా పిల్లల్ని పడుకోబెట్టను" అని కాంతమ్మ ఒంటికాలి మీద లేచింది. సరేనని దాని పక్క ప్లాటు కొన్నాం. చివరిది మౌలాలీ మామను కొనుక్కోమని చెప్పింది నేనే. తాపీ మేస్త్రి, చేతిలో పని ఉంది, సొంత ఇల్లు లేదు. "మీ వీధిపోటు మాకు గాలిపోటు అల్లుడూ" అని నవ్వాడు. నిజంగానే వేసవిలో వీధిలో గాలంతా వాళ్ల వాకిట్లోకే పోతుంది. మేమంతా పోయి వాళ్ల అరుగు మీదే కూర్చుంటాం.

నాపరాళ్లు తనే క్వారీనుంచి తెచ్చుకుని, పని లేని రోజుల్లో తనే పేర్చుకుంటూ కట్టాడు. ప్లాను పెట్టనా అని అడిగితే, నేనున్నానుగా, తర్వాత చూసుకుందాం అన్నాను.

ఇవాళ చక్రపాణి గారిని మా వీధికి తీసుకెళ్లలేదు. జీపు పట్టదని చెప్పాను.

జూలై 9

అనుకున్నంతా అయింది. కొత్త రూలు కాగితం మీద మాత్రమే ఉంటే జనం నమ్మరు, ఒక వీధిలో చేసి చూపించాలి అన్నాడు చక్రపాణి గారు. ఏ వీధి అన్నారు కమిషనర్ గారు. "మన రామబ్రహ్మం గారి వీధే. సూపర్‌వైజర్ వీధినుంచే మొదలుపెడితే ఎవరూ వేలెత్తి చూపలేరు" అన్నాడు. అందరూ నా వంక మెచ్చుకోలుగా చూశారు. నేనూ నవ్వాను.

తర్వాత విడిగా అడిగాడు. "మీ వీధి చివర ఇల్లు కాకుండా పక్కనుంచి ఎటైనా బయటపడే వీలుందా?"

"లేదండీ" అన్నాను.

జూలై 10

ఉంది.

మా వీధి అసలు మూసుకుపోయిన వీధి కాదు. మౌలాలీ మామ ఇంటిదాకా వచ్చి, కుడిచేతికి తిరిగి, మా ఇంటి పక్కగా వెనక డొంకలోకి పోయేది. పొలం అమ్మినాయన బండి పట్టేంత దారి వదిలాడు. వాడేవాళ్లు తక్కువ. ముళ్లకంప పెరిగింది, పాములు వస్తున్నాయని మొదట కంచె వేశాను. తర్వాత గోడ. ఆ తర్వాత వెనక గది. మూసింది నేను.

గోడ కట్టింది మౌలాలీ మామే. "దారి మీద గోడేంది అల్లుడూ" అని ఒక్కసారి అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే, "మునిసిపాలిటీ వోడివి, నీకు తెలవదా" అని తనే అనేసి రాయి అందుకున్నాడు.

ఇదంతా చెప్తే ఏమవుతుంది? ఊరందరి ప్లాన్లూ చూసేవాడు దారి మింగాడంటారు. ఉద్యోగం పోతుంది. పిల్లలిద్దరు బళ్లో ఉన్నారు. నా ఇంటికి ప్లాను ఉంది, గదికి లేదు. గది ఒక్కటి కూల్చేస్తే సరిపోతుంది కదా అంటే, దేనికి కూల్చావని అడగరా?

దాచింది వెనక గది కోసం కాదు. ఉద్యోగం కోసం. ఆ తేడా ఉంది.

ఆగస్టు 16, ఆదివారం

ఆఫీసుకు పోయి మా వీధి మ్యాపు పూర్తి చేశాను. వీధి తిన్నగా పోయి డొంకలో కలిసేలా గీత గీశాను. మధ్యలో మౌలాలీ మామ ఇల్లు చుక్కల గీతతో వేశాను. తీసేయాల్సినవి అలా వేస్తాం. మా ఇంటి ప్రహరీ మామూలు గీతే.

ఇంక్ ఆరేదాకా కూర్చున్నాను. చేతులు కడుక్కున్నాను. ఇంటికొచ్చేసరికి మౌలాలీ మామ అరుగు మీదనుంచి "ఆదివారం కూడా పనేనా అల్లుడూ, ఆ మునిసిపాలిటీ నీకేమన్నా రాసిచ్చిందా" అని కేకేశాడు. ఆయన భార్య జుబేదా అత్త టీ పంపించింది. తాగాను.

సెప్టెంబర్ 4

పీర్లు వచ్చాయి. మా వీధిలో ఆడవాళ్లంతా బిందెలతో పీర్లు మోసేవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోశారు. కాంతమ్మ కూడా పోసి మొక్కింది. డప్పులతో చివరిదాకా వచ్చి, వెనుదిరగడానికి చోటు చాలక, తొక్కుకుంటూ మళ్లీ వచ్చిన దారినే పోయారు. ఒక పీరు మా ప్రహరీకి తగిలింది.

ఎవరో ముసలాయన "ముందు ఇటు డొంకలోకి పోయేవాళ్లం గదరా" అన్నాడు. డప్పుల్లో ఎవరికీ వినపడి ఉండదు. నాకు వినపడింది. మౌలాలీ మామ నా పక్కనే ఉన్నాడు. ఆయనకూ వినపడే ఉంటుంది.

సెప్టెంబర్ 21

కొత్త రూల్సు, మా వీధి మ్యాపు ఆఫీసు గోడకు అంటించారు. అభ్యంతరాలుంటే నెలలోపు చెప్పుకోవాలి.

సాయంత్రం మౌలాలీ మామ వచ్చాడు. ఎప్పుడూ వాకిట్లోనే నిలబడి కేకేసే మనిషి లోపలికి వచ్చి కూర్చున్నాడు. మొహం పీక్కుపోయింది.

"మా ఇల్లు చుక్కలు చుక్కలుగా ఏశారంట. అంటే ఏంది అల్లుడూ?"

చెప్పాను. నేను గీశానని చెప్పలేదు. హైదరాబాదాయన రూలు అని చెప్పాను.

"వోడికి మా ఇల్లే దొరికిందా" అని చాలాసేపు తిట్టాడు. ఆయన తిడుతుంటే నేనూ ఒకటి రెండు కలిపాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ కలిపాను. తర్వాత అర్జీ రాసిపెట్టమన్నాడు. వీధిలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నేనే రాస్తాను. కాంతమ్మ కాగితాలు తెచ్చి ఇచ్చి, నా మొహం చూసి, లోపలికి పోయింది.

బాగా రాశాను. పొరపాటున కూడా తక్కువ రాయలేదు. రెక్కల కష్టంతో కట్టుకున్న ఇల్లు, ముగ్గురు పిల్లలు, వేరే నిలువనీడ లేదు, దయతలచి వీధిని వేరే మార్గాన తెరిపించవలెను అని రాశాను. చదివి వినిపిస్తే మామ కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వుండబట్టి సరిపోయింది" అన్నాడు.

సెప్టెంబర్ 29

ఆ అర్జీ ఇవాళ నా బల్ల మీదికే వచ్చింది. అభిప్రాయం రాసి పైకి పంపమని కమిషనర్ గారి సంతకం.

"వేరే మార్గము లేదు. అర్జీదారు ఇల్లు అనుమతి లేనిది. అభ్యర్థన పరిశీలించదగ్గది కాదు."

అర్జీ నేనే రాశాను, జవాబూ నేనే రాశాను. నా మీద నాకే ఉమ్మేయాలనిపించింది. ఉమ్మేయలేదు. పంపించేశాను.

అక్టోబర్ 5

కాంతమ్మ వెనక గది ఊడుస్తూ, "దీంట్లో ఎవరూ ఉండరు, ఏమీ పెట్టం. ఎందుకు కట్టినట్టు ఇది?" అంది.

"పిల్లలు పెద్దయ్యాక కావాలి" అన్నాను.

"మరి ఆ చివరింటి పిల్లలకో?" అంది.

నాలుగు రోజులుగా కంచం పెట్టి పక్కకు పోతోంది.

అక్టోబర్ 14

కౌన్సిల్ హాల్లో విచారణ. చైర్మన్, కమిషనర్, చక్రపాణి గారు బల్లకు అటువైపు కూర్చున్నారు. నేను మ్యాపు పట్టుకుని పక్కన నిలబడ్డాను. సందుల చివరి ఇళ్లవాళ్లంతా వచ్చారు. రైల్వేలో పని చేసే పేతురు నడికుడి నుంచి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. "చవగ్గా వచ్చిందని చివర కొనుక్కున్నాం సార్. మీరు కొననిది మేం కొన్నాం. ఇప్పుడు మాదే తీసేస్తే ఎట్టా?" అని అడిగాడు. చైర్మన్ తల వంచుకున్నాడు. చక్రపాణి గారు కూడా ఇబ్బందిగా కదిలి, సాధ్యమైనచోట వేరే దారి చూద్దాం, ఆ మాట రూల్సులోనే ఉంది అన్నాడు. పేతురు ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉందని తేలింది. అతని ఇల్లు దక్కింది.

ఆ తర్వాత మౌలాలీ మామ. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చైర్మన్ మంచిగానే అడిగాడు.

"నువ్వు మేస్త్రివి. ఆ వీధిలో ఇళ్లు సగం నీ చేతి మీదివే. అటూ ఇటూ ఇంకో దారి తీసే వీలుందేమో నువ్వే చెప్పు. ఉంటే నీ ఇల్లు ముట్టుకోం."

మామ నా వంక చూశాడు. నేను మ్యాపు వంక చూశాను.

"లేదండి" అన్నాడు మామ.

"బాగా ఆలోచించుకో."

"ఆలోచించే చెప్తన్నానండి. ఇంకో దారి లేదు."

చైర్మన్ నిట్టూర్చి తర్వాతి పేరు పిలిచాడు. మామ నన్ను దాటుకుని బయటికి పోయాడు. పోతూ నా భుజం మీద చెయ్యి వేశాడు. తోవలో అడ్డుగా ఉన్నానని పక్కకు జరపడానికి అయి ఉండవచ్చు.

అక్టోబర్ 15

ఆఫీసుకు పోలేదు. పొద్దున్నే వాళ్లింటికి పోయాను. జుబేదా అత్త గుమ్మంలో బియ్యం ఏరుతోంది. రమ్మనలేదు. పక్కకు జరిగి దారి మాత్రం ఇచ్చింది.

మామ లోపల పనిముట్లు సర్దుకుంటున్నాడు. నేను కింద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. "ఎందుకు మామా? ఎందుకు చెప్పలేదు? నీకు తెలుసుగా" అన్నాను.

"తెలవకపోవటమేంది. గోడ కట్టింది నేనేగా."

"మరి?"

తాపీ తుడిచి పక్కన పెట్టాడు. "ఉందని చెప్పాననుకో. చైర్మన్ నీ వంక తిరిగి, ఏమయ్యా నిజమేనా అంటాడు. అప్పుడు నువ్వేమంటావ్?"

మామ ఇంకో పనిముట్టు సంచిలో వేసుకున్నాడు.

"ఉందని అంటావా, లేదంటావా, చెప్పు ఇప్పుడు."

చెప్పలేకపోయాను.

"అదీ. ఇన్నేళ్లనుంచి అల్లుడూ అల్లుడూ అంటన్నా. నా మొకం మీద నువ్వు అబద్ధమాడితే నేను చూళ్లేను. చానా భయమేసింది నాకు. ఇల్లంటావా, రాళ్లు నాయే, చేతులు నాయే, యాడో ఒకచోట కట్టుకుంటా."

ఇంత సిగ్గు మనిషికి ఉంటుందని నాకు తెలియదు. ఒంటిమీద బట్ట లేకుండా బజారులో నిలబడ్డట్టు ఉంది. నెలాఖరున కౌన్సిల్ మీటింగు ఉంది, తీర్మానం అయ్యేది అక్కడే, అక్కడ నేనే లేచి చెప్తాను మామా, ఉద్యోగం పోతే పోనీ అన్నాను. పిల్లల మీద ఒట్టు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చెప్తే మంచిదే" అన్నాడు.

గుమ్మంలోంచి జుబేదా అత్త గొంతు వచ్చింది. "చెప్పేవాడైతే ఈపాటికి చెప్పుండేవాడు."

అక్టోబర్ 22

చెప్పబోయేది కాగితం మీద రాసుకున్నాను. నాలుగు ముక్కలే. పైకి రెండుసార్లు చదువుకున్నాను. కాంతమ్మకు కూడా చెప్పాను. ఏమీ అనలేదు కానీ ఇవాళ పక్కన కూర్చుని అన్నం పెట్టింది.

అక్టోబర్ 30

చెప్పలేదు.

అక్టోబర్ 31

నిన్న మీటింగులో చక్రపాణి గారు నా పేరు చెప్పి మెచ్చుకున్నారు. సూపర్‌వైజర్ సహకారం లేకపోతే ఈ పని జరిగేది కాదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అయ్యాక చైర్మన్ "సెక్షన్ తరఫున ఏమైనా చెప్పేది ఉందా?" అని అడిగాడు. నేను లేచాను కూడా. "ఏమీ లేదండీ" అని కూర్చున్నాను.

చప్పట్లు కొట్టకపోయి ఉంటే చెప్పేవాణ్ణి. ఇలా రాస్తే నాకే నవ్వొస్తోంది.

నవంబర్ 19

ఇల్లు మామే విప్పుకుంటున్నాడు. మునిసిపాలిటీ వాళ్లు కొడితే రాళ్లు పగులుతాయని, తన చేతులతో తనే ఒక్కొక్క రాయీ దించుతున్నాడు. మనుషులను పంపిస్తానన్నాను. వద్దన్నాడు. వేరే స్థలం ఇస్తామని తీర్మానంలో ఉంది. ఎక్కడ, ఎప్పుడు అన్నది లేదు.

సామాన్లన్నీ వీధిలో ఉన్నాయి. జుబేదా అత్త వీధి అంతా చూస్తుండగా మా గేటు దగ్గరికొచ్చింది. అక్టోబరు తర్వాత నాతో మాట్లాడటం ఇదే మొదలు.

"ఏమయ్యా, నీ వెనక గది ఖాళీయేగా."

"ఖాళీయే అత్తా."

"పిల్లల బడి ఇక్కడే ఉంది. వాన పడేట్టుంది. మాకియ్యి."

నాకు ప్రాణం లేచొచ్చింది. కాళ్ల మీద పడబోయాను. "ఇమ్మని అడగాలా అత్తా? మీదే అనుకోండి. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు, ఊరికే ఉండండి" అన్నాను.

"ఊరికే ఎవరడిగారు నిన్ను? అద్దె కడతాం. ఊళ్లో గదికి ఎంత పోద్దో అంతే కడతాం. నెల మొదట్లో నీ చేతికే ఇస్తా, నువ్వే తీసుకోవాల."

మామ రాయి దించి, "ఏమే, ఆపు ఇంక" అన్నాడు. ఆమె ఆపలేదు. "ఊరికే ఉంటే అయ్యగారు నిద్రపోతాడు హాయిగా" అంది. సామాన్లు లోపలికి మోయడం మొదలుపెట్టింది. కాంతమ్మ పోయి ఆమెతోపాటు బిందెలు అందుకుంది.

నవంబర్ 27

మామ ఇల్లున్న చోటునుంచి డొంక కనిపిస్తోంది. వీధి తెరుచుకుంది. కమిషనర్ గారు, చక్రపాణి గారు వచ్చి చూసి పోయారు. జీపు ఇటునుంచి వచ్చి అటు పోయింది.

గోడకు అవతల పిల్లలు పాఠాలు చదువుకోవడం వినపడుతోంది.

డిసెంబర్ 1

జుబేదా అత్త పొద్దున్నే వాకిట్లో నిలబడి పిలిచింది. కాంతమ్మను పంపిస్తే "నువ్వు కాదమ్మా, మీ ఆయన్ని రమ్మను" అంది. పోయాను. కొంగున ముడి విప్పి డబ్బు తీసింది. చెయ్యి చాపమంది. చాపాను. అరచేతిలో పెట్టి, చెయ్యి వదలకుండా పట్టుకుంది.

"అద్దె ముట్టిందని చెప్పు."

"ముట్టిందత్తా."

"ఏ గదికి?"

"వెనక గదికి."

"కాదు. సరిగ్గా చెప్పు. చైర్మన్ అడిగితే చెప్పలేకపోయావుగా, నాకు చెప్పు. నేనెవ్వరికీ చెప్పన్లే. ఏ గది అది?"

కాంతమ్మ గుమ్మంలో ఉంది. పిల్లలు బడి సంచులతో ఆగిపోయారు. మామ వీధిలోకి తిరిగి నిలబడ్డాడు, అటువైపే చూస్తూ.

"దారి మీద గది" అన్నాను.

చెయ్యి వదిలేసింది. "మళ్లీ నెల కూడా ఇట్టాగే అడుగుతా" అని పోయింది.